సర్ ఆర్థర్ కాటన్ : నీటిదారి కొరకు పోరాటము

నరసన్నపేటకు సమీపమున నున్న తిలారు స్టేషనులో కొంతసేపు నిలిచి చూచినచో, గూడ్సు బండ్లు ఒకదాని వెనుక నొకటి సాగిపోవుచుండుట కనబడును. బొగ్గు, సిమెంటు, ఎరువులు, ధాన్యము మున్నగు సరకులు వందలాది మైళ్ల దూరము ఇనుపదారి మీదనే ప్రయాణము చేయుచుండును. ఈ దారి లేని కాలము నేటి బాలబాలికల ఊహకు అందదు. 19వ శతాబ్ది మధ్యకాలమున ఈ ప్రాంతము గంజాము జిల్లాలో చేరియుండెను. ఆ దినములలో ధాన్యము ఎడ్లబండ్ల మీద బాటవెంట పోవలెను. లేనిచో కళింగపట్నము వంటి రేవులలో ఓడల కెక్కవలెను. వానకాలమున బండ్లు బురదలో దిగబడిపోవును. తుపాను దినములలో ఓడలు తీరమును చేరజాలవు. ఒక చోట ధాన్యము నిలువయుండగా, మరొక చోట జనులు ఆకలితో అలమటించుట ఆ కాలమున అరుదు కాదు.

సరకులను ఏ దారిని, ఎవరి ఆధీనమున, ఎంత వెలకు చేరవేయవలెనను ప్రశ్న కావుననే ప్రజల ప్రాణములకు సంబంధించిన ప్రశ్న అయ్యెను. ఇంగ్లండులో స్థాపింపబడిన గొప్ప రైల్వే కంపెనీలు దీనికి ఇనుపదారియే సమాధానమని చెప్పెను. ప్రభుత్వము వానిని బలపరచెను. ఆ బలమునకు ఎదురునిలిచి, దేశపు ధనమునంతయు రైళ్లకే ధారపోయరాదనియు, నీటిదారులకు ముందు చోటీయవలెననియు దీర్ఘకాలము వాదించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన మహనీయుడుగా ఆయనను తెలుగువారందరును ఎరుగుదురు. రైల్వేల పక్షముతో ఆయన సాగించిన ఈ పోరాటమును ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే నెల 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఆయన తలిదండ్రులకు పదునొకండుగురు కుమారులు. వారిలో ఈతడు పదవవాడు. పదునైదవ యేట ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి ఇంజనీరింగు విద్య నభ్యసించెను. 1821లో మద్రాసు చేరి, ఆ రాజధానికి చెందిన ఇంజనీర్ల దళమున ఉద్యోగమునకు కుదిరెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిది సంవత్సరములు.

తొలినాళ్లలో ఆయన దక్షిణ జిల్లాల చెరువులను, కాలువలను పరీక్షించు పనిలో నుండెను. తంజావూరు ప్రాంతమున కావేరి మీద కరికాల చోళుడు కట్టించినదని ప్రసిద్ధి చెందిన పురాతనమైన ఆనకట్ట కలదు. గట్టి రాతినేల దొరకని చోట, ఇసుక మీదనే పునాది వేసి నదిని నిలుపు నేర్పును పూర్వపు దేశీయ శిల్పులు ఎరిగియుండిరి. కాటన్ ఆ నిర్మాణమును శ్రద్ధతో పరిశీలించెను. పాలకుడనను గర్వము లేక, తాను ఈ దేశపు శిల్పులకు శిష్యుడనని ఒప్పుకొనెను. ఆ విద్యయే తరువాత కొల్లడము మీదను, గోదావరి మీదను ఆయనకు ఉపకరించెను.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. రైళ్లకే అగ్రస్థానము నిచ్చుటను ఎదిరించిన ఈ కాటన్, భారతదేశమున మొట్టమొదట ఇనుపపట్టాలు వేయించినవారిలో నొకడు. మద్రాసులో బాటలు వేయుటకు రాయి కావలసివచ్చెను. ఆ రాతిని రెడ్‌హిల్స్ నుండి నగరమునకు చేరవేయుటకు 1837 ప్రాంతమున ఒక చిన్న పట్టాలదారి ఏర్పడెను. ఆ నిర్మాణమునకు కాటన్ కారకుడు. బొంబాయి నుండి ఠాణాకు ప్రయాణికుల రైలు నడచినది 1853లో గదా! దానికి పదునారు సంవత్సరములకు ముందే ఆయన సరకుల పట్టాలదారిని వేయించెను. కావున ఆయన కొత్త యంత్రములను చూచి భయపడినవాడు కాడు. వాని గుణమును, ఖర్చును స్వయముగ ఎరిగినవాడు.

ఎండలోను, తడిలోను విరామము లేక పనిచేయుటచే కాటన్ ఆరోగ్యము చెడెను. విశ్రాంతి కొరకు ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, అచ్చట వివాహము చేసికొని, 1843లో తిరిగివచ్చెను. కొంతకాలము విశాఖపట్నమున నుండి, సముద్రపు కోతనుండి తీరమును కాపాడు పనులు చేయించెను. తరువాత గోదావరి మండలమున పరిశోధనకు పూనుకొనెను.

ఆనాడు గోదావరి మండలము మిగుల దీనావస్థలో నుండెను. 1833 నాటి నందన కరవు తెలుగునాటిని పీడించెను. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలు కాగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. ప్రక్కనే మహానది వంటి గోదావరి పాఱుచుండగా, దాని నీరు వరదలై ముంచుచు, లేనిచో వ్యర్థముగ సముద్రమున కలియుచు నుండెను. కాటన్ తన నివేదికను ప్రభుత్వమునకు పంపి, ధవళేశ్వరము వద్ద ఆనకట్టకు అనుమతి సంపాదించెను.

1847లో పని మొదలయ్యెను. నదిలోని లంకల మధ్య నాలుగు భాగములుగా ఆనకట్టను కట్టవలసియుండెను. వేలాది కూలీలు ఆ పనిలో పాల్గొనిరి. వీణము వీరన్న అను తెలుగువాడు కాటన్‌కు కుడిభుజమై, పనివారిని కూర్చి, పనులను నడిపించెను. ధవళేశ్వరము కొండ నుండి రాతిని నదికి చేర్చుటకు కాటన్ ఇచ్చటను పట్టాలు వేయించెను. జ్వరములను, ఎండలను, వరదలను ఓర్చుకొని 1852 నాటికి ఆనకట్టను ముగించిరి. ఆ పిమ్మట బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట ఏర్పడెను.

గోదావరి కాలువలు పొలములకు నీరు తెచ్చుటతో ఆగలేదు. కాటన్ వానిని పడవలు నడచుటకు తగినట్లు వెడల్పుగ త్రవ్వించి, ఎత్తుపల్లములు గల చోట్ల లాకులు కట్టించెను. పడవ లాకులోనికి ప్రవేశించిన పిమ్మట తలుపులు మూసి, నీటిమట్టమును పెంచియో తగ్గించియో దానిని ఆవలి భాగమునకు పంపుదురు. ఎడ్లబండి మోయలేని బరువును ఒక్క పడవ సులభముగ మోయును; దానిని ఇద్దరు ముగ్గురు మనుష్యులు గట్టువెంట త్రాటితో లాగుకొని పోగలరు. పంట పండించిన కాలువయే ఆ పంటను కాకినాడ రేవునకు చేర్చెను. పైగా కాలువ ఒక్కని సొత్తు కాదు. పడవ గలవాడెవడైనను సుంకము చెల్లించి దానిమీద పోవచ్చును. ఇనుపదారి మీదనో, కంపెనీ బండి తప్ప వేరొకరి బండి నడువదు. కంపెనీ నిర్ణయించిన కూలి తప్ప వేరొక కూలి ఉండదు.

ఈ కాలముననే రైల్వే కంపెనీలు భారతదేశమునకు వచ్చెను. 1849లో ఈస్టిండియన్, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా అను రెండు కంపెనీలతో ఒప్పందములు జరిగెను. మద్రాసు రైల్వే మొదటి దారి 1856లో తెరవబడెను. ప్రతి కంపెనీకి దేశములో ఒక్కొక్క భాగము అప్పగింపబడెను. కనుక ఒక ప్రాంతపు వర్తకునకు సాధారణముగ ఒక్క కంపెనీయే దిక్కు. ఈ కంపెనీల మూలధనమునకు ప్రభుత్వము ఏటేట నూటికి ఐదు చొప్పున వడ్డీ పూచీపడెను. లండనులో 100 పౌనులు పెట్టినవానికి, రైలుకు లాభము వచ్చినను రాకున్నను 5 పౌనులు ముట్టవలెను. రాబడి చాలని యెడల ఆ లోటును భారతదేశపు ఖజానా తీర్చవలెను. ఆ ఖజానాకు ముఖ్యమైన ఆధారము రైతు చెల్లించు భూమిశిస్తు. తన ఊరికి రైలు రాని రైతు సైతము రైలు నష్టములో పాలు పంచుకొనవలసివచ్చెను. నష్టభయము లేని కంపెనీలు పొదుపును పాటింపలేదని ఆనాడే పలువురు విమర్శించిరి.

కాటన్ ఈ పద్ధతిని తీవ్రముగ ఖండించెను. భారతదేశపు నిర్మాణ కార్యములను గూర్చి 1854లో ఆయన ఒక గ్రంథమును ప్రకటించెను. బీదదేశమునకు ముందు కావలసినది వేగము కాదనియు, మిక్కిలి చౌకగ బరువులను మోయు సాధనమనియు ఆయన అభిప్రాయము. బియ్యపు బస్తా ఒకదినము ఆలస్యముగ చేరినను నష్టము లేదు. దాని వెల బీదవానికి అందకపోవుటయే నష్టము. పొగపడవలు నడచు కాలువకు రైలుదారికగు వ్యయములో ఎనిమిదవ వంతు మించదని ఆయన లెక్క వేసెను. కాలువ సరకును మోయుటతో పాటు నీటిని కూడ ఇచ్చును. రైలు ధాన్యమును మోయగలదే కాని పండింపజాలదని ఆయన మాటిమాటికి హెచ్చరించెను.

ఎదుటి పక్షమునకు సైతము బలమైన వాదములు లేకపోలేదు. కాలువలు కొండలనెక్కలేవు, వేసవిలో నదులెండినచో పడవలు నిలిచిపోవును. 1857 నాటి తిరుగుబాటు పిమ్మట, సేనలను త్వరగా పంపుటకు రైళ్లే తగినవని పాలకులు గట్టిగ తలచిరి. ఇంగ్లండులోని ఇనుము వర్తకులకు, బట్టల మిల్లుల యజమానులకు కూడ రైళ్ల వలన లాభము కలదు. ఇందరి కోరికలు ఒక్కచోట కలియుటచే రైల్వేల పక్షము మిగుల బలపడెను. కాటన్ పక్షమున అంకెలును, గోదావరి అనుభవమును మాత్రమే యుండెను.

1860లో ఆయన ఇంగ్లండునకు మరలెను. 1861లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నిచ్చి గౌరవించెను. కాని ఆయన ఊరకుండలేదు. ఆయన సలహాతో ఏర్పడిన రెండు కంపెనీలు కాలువలు త్రవ్వసాగెను. అందొకటి ఒరిస్సాలోను, మరొకటి తుంగభద్ర మీద సుంకేసుల నుండి కర్నూలు, కడప ప్రాంతములందును పనిచేసెను. దురదృష్టవశమున ఈ రెండును కాటన్ ఆశించిన ఫలము నీయలేదు. ఒరిస్సా కంపెనీకి ధనము చాలక ప్రభుత్వమే ఆ కాలువలను కొనెను. కర్నూలు–కడప కాలువకు అంచనాను మించిన ఖర్చయ్యెను. నల్లరేగడి భూముల రైతులు వానలు కురిసిన యేండ్ల కాలువనీటిని కోరలేదు. ఈ కంపెనీకి కూడ ప్రభుత్వము నూటికి ఐదు వడ్డీ పూచీపడియుండెను. రైల్వేలలో తాను తప్పుపట్టిన పద్ధతియే తన పక్షమునందును కనబడుటచే కాటన్ వాదము కొంత బలహీనమయ్యెను.

1866లో ఒరిస్సాలో భయంకరమైన కరవు సంభవించెను. అచ్చట రమారమి పది లక్షలమంది మరణించిరి. గంజాము జిల్లాలో సైతము ఆకలి వ్యాపించెను. వానకాలము రాగానే బాటలు తెగిపోయెను. ఓడలు సరకు దింపజాలకపోయెను. ధాన్యము కొనుటకు ధనమున్నను తెచ్చు దారి లేకపోయెను. ఈ ఘోరమును చూపి రైల్వే పక్షమువారు రైలుండిన బాగుండెడిదనిరి. కాటన్ పక్షమువారు కాలువ లుండిన పంటయు దక్కెడిది, దారియు దొరకెడిదనిరి. చనిపోయినవారికి ఆ రెండింటిలో ఏదియు సకాలమున అందలేదు.

1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మరియొక మహాక్షామము పట్టి పీడించెను. అప్పటికి రైళ్లున్న జిల్లాలలోను లక్షలకొలది జనులు మరణించిరి. రైలు ధాన్యమును తెచ్చెను; కాని కొనుటకు కూలివానియొద్ద ధనము లేదు. దీనితో లండనులో చర్చ మరల చెలరేగెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు భారతదేశపు నిర్మాణ కార్యములను విచారించుటకు ఒక సంఘమును నియమించెను. 75 సంవత్సరముల వృద్ధుడైన కాటన్ ఆ సంఘము ముందు సాక్ష్యమిచ్చెను. కలకత్తా నుండి కరాచికిని, కాకినాడ నుండి సూరతునకును, తుంగభద్ర మీదుగా కార్వారమునకును పడవదారులు కల్పింపవచ్చునని ఆయన వివరించెను. దీనికి 3 కోట్ల పౌనులు చాలునని ఆయన అంచనా.

సంఘసభ్యులు ఆయనను కఠినముగ ప్రశ్నించిరి. ఒరిస్సా, కర్నూలు కాలువల నష్టములను ఎత్తిచూపిరి. ఇంత పెద్ద పథకమునకు ఇంత చిన్న మొత్తము సరిపోవునా యని సందేహించిరి. ఆ సందేహములలో కొంత న్యాయము లేకపోలేదు. గోదావరి డెల్టాలో నెరవేరిన కార్యము, కొండలు గుట్టలు గల ప్రతి చోటను అదే ఖర్చుతో నెరవేరదు. చివరకు ఆ సంఘము ఆయన పథకమును అంగీకరింపలేదు. తన జీవితపు ఆశయము తన కన్నుల యెదుటనే త్రోసివేయబడుట ఆ వృద్ధునకు ఎంత బాధ కలిగించెనో ఊహింపవచ్చును. అయినను ఆయన తన అభిప్రాయమును మార్చుకొనలేదు. తనను ఎదిరించినవారి మెప్పు కొరకు మాట తప్పలేదు.

కాటన్ శేషజీవితమును ఇంగ్లండులోని డార్కింగు పట్టణమున గడపెను. వార్ధక్యమున సైతము నేలను లోతుగ త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన, 96 సంవత్సరములు నిండిన పిమ్మట ఆయన మరణించెను.

ఆయన చివరి దినములలోనే ఇనుపదారి తెలుగు తీరమును చుట్టుకొనెను. బెజవాడ నుండి కటకమునకు పోవు తూర్పుకోస్తా రైల్వే 1893 మొదలు 1896 వరకు భాగములు భాగములుగా తెరవబడెను. నరసన్నపేట ప్రాంతమునకు రైలు వచ్చినది అప్పుడే. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య దారి పూర్తియయ్యెను. 1900లో గోదావరి మీది రైలువంతెన తెరవబడెను. కాటన్ అప్పటికి గతించి ఒక్క సంవత్సరమయ్యెను. తరువాత స్వల్పకాలముననే తూర్పుకోస్తా రైల్వేయే విడిపోయి, రెండు పెద్ద సంస్థలలో కలిసిపోయెను. దక్షిణభాగము మద్రాసు రైల్వేకును, వాల్తేరుకు ఉత్తరమున నున్న భాగము బెంగాలు నాగపూరు రైల్వేకును చెందెను. నరసన్నపేట వర్తకుని సరకునకు 1944లో ప్రభుత్వము ఆ రైల్వేను స్వాధీనము చేసికొనువరకు ఆ కంపెనీయే రైలుదారికి యజమాని.

ఒకప్పుడు కాకినాడ నుండి గోదావరి, కృష్ణా కాలువల మీదుగా, కొమ్మమూరు కాలువను, బకింగ్‌హాం కాలువను దాటి పడవలు మద్రాసు చేరుచుండెను. బియ్యము, ఉప్పు, కట్టెలు ఆ దారిని పోవుచుండెను. ప్రక్కనే రైలు వచ్చిన పిమ్మట సరకు క్రమముగ అటు మరలెను. ఆదరణ తగ్గిన కాలువలు పూడిపోసాగెను. ఒక దారి వర్ధిల్లుటకు మరొక దారి శిథిలము కావలసిన పని లేదు. కాని ధనమంతయు ఒక్కవైపే ప్రవహించినచో అట్లే జరుగును. 20వ శతాబ్ది ప్రారంభము నాటికి రైళ్లకు 20 కోట్ల పౌనులకు పైగా వ్యయము కాగా, నీటిపారుదలకు 3 కోట్ల పౌనులైనను కాలేదని చరిత్రకారుడు రమేశచంద్ర దత్తు గ్రంథము వలన తెలియుచున్నది.

ఈ వ్యత్యాసము ఎట్టిదో తెలిసికొనుటకు శ్రీకాకుళము సీమయే నిదర్శనము. రైలు ఇచ్చటికి 19వ శతాబ్దిలోనే వచ్చెను. వంశధార మీద గొట్టా వద్ద ఆనకట్ట మాత్రము 20వ శతాబ్ది ఉత్తరార్ధమున గాని రాలేదు. ఆ నడిమి కాలమున రెండు తరములకు పైగా రైతులు, ధాన్యమును తీసికొనిపోవు రైలును చూచుచునే, చేనికి నీరు కొరకు మేఘములవైపు చూడవలసివచ్చెను. రైలు కంటె ముందు నీరు కావలెనన్న కాటన్ మాటకు అర్థమిది.

కాటన్ చెప్పినదంతయు సత్యము కాదు. రైలు లేకుండ నేటి దేశము ఒక్కదినమైనను నడువదు. ఆయన అంచనాలు కొన్ని తప్పెను. ఆయన కాలువలు కొన్ని నష్టపడెను. అయినను దేశపు రవాణా అంతయు కొలది సంస్థల చేతిలో చిక్కి, దాని నష్టము బీదల నెత్తిన పడుట న్యాయము కాదని ఆయన ఎత్తిన ప్రశ్న నిలిచినది. 2008లో భారత ప్రభుత్వము కాకినాడ నుండి దక్షిణమునకు పోవు ఆ పాత కాలువలను, గోదావరి, కృష్ణా నదులలోని కొన్ని భాగములను కలిపి 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించెను. ఓడిపోయిన వాదము నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట మరల వినబడెను.

ధవళేశ్వరము వద్ద కాటన్ కట్టిన పాత ఆనకట్ట స్థానమున నేడు కొత్త బారేజి కలదు. దానికి ఆయన పేరే పెట్టిరి. గోదావరి మండలపు గ్రామములలో ఆయన విగ్రహములు అనేకము కలవు. ఆయన గెలిచిన కార్యమునకు అవి గుర్తులు. ఆయన ఓడిన కార్యమునకు విగ్రహములు లేవు. అయినను తాను నమ్మిన మేలు కొరకు, బలవంతుల యెదుట, లెక్కలు చేతబట్టి, వృద్ధాప్యము వరకు వెనుదీయక నిలిచిన ఆ ధైర్యము, ఆనకట్ట కంటె తక్కువైనది కాదు.